కుక్కను చూడగానే ఆవు మేత ఎందుకు మానేస్తుంది

ఒకప్పుడు, ఆవుకు కుక్క అంటే భయం తెలియని రోజుల్లో, బీళ్ళలో ఎక్కడ చూసినా అవి రెండూ కలిసే కనిపించేవి. కుక్కపిల్లలు ఆవుల కాళ్ళ మధ్య దాగుడుమూతలు ఆడుకునేవి. ఆవు పడుకుని నెమరు వేస్తుంటే కుక్క దాని వీపు మీద గడ్డం ఆనించి కునుకు తీసేది. తల్లి ఆవు తన దూడను కుక్కకే అప్పగించి మేతకు పోయేది. దాన్ని ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లో ఎర్రగట్టు కింద ఒక పెద్ద గడ్డిబీడు ఉండేది. అక్కడ సింగరమ్మ అనే ఆమె ఆవులు మేపుకునేది. పొడుగాటి మనిషి. గొంతు ఎంత పెద్దదంటే, గట్టుకు ఇవతల నిలబడి పిలిస్తే అవతల ఉన్న ఆవు తలెత్తి చూసేది. మందలో పదిహేడు ఆవులు. అన్నిటికీ పెద్దది పుల్లావు. ఎర్రమన్ను రంగు ఒళ్ళు, లోపలికి వంగిన కొమ్ములు, మెల్లని నడక.

ఒక వానాకాలం గట్టు మీద నుంచి వాగు ఉరికొచ్చింది. ఆ నీళ్ళలో కొట్టుకొచ్చిన కుక్కపిల్ల ఒకటి తుమ్మకొమ్మకు చిక్కుకుని వణుకుతూ సింగరమ్మ కంటపడింది. కళ్ళు అప్పుడప్పుడే తెరిచింది. ఒళ్ళంతా బూరుగుదూదిలాంటి బొచ్చు.

"ఓరి బూరోడా! మీ అమ్మ ఎక్కడరా?" అంటూ కొంగులో చుట్టుకుని తెచ్చింది.

పుల్లావు దూడ పుట్టి, బతకక పోయి అప్పటికి వారమే అయింది. పొదుగు నిండా పాలున్నాయి, తాగే బిడ్డ లేదు. పుల్లావు కుక్కపిల్లను వాసన చూసింది. నాకింది. నాకి నాకి తడి ఆర్చింది. తర్వాత నెమ్మదిగా వాడి పక్కనే పడుకుంది. బూరోడు తడుముకుంటూ పోయి పొదుగు అందుకున్నాడు.

అలా పుల్లావు వాడికి అమ్మ అయింది.

బూరోడు పెరిగి పెద్దవాడయ్యాడు. పగలంతా మంద చుట్టూ తిరిగేవాడు. పక్కకు తప్పిన ఆవును మళ్ళేసుకొచ్చేవాడు. గట్టు మీద తిరిగే రేచుకుక్కల రంగే వాడిదీను. చూసినవాళ్ళు పొరపాటున రాయి విసురుతారని సింగరమ్మ వాడి మెడకు ఒక తాడు కట్టింది.

రేచుకుక్కలంటే అడవిలో గుంపుగా వేటాడే ఎర్రకుక్కలు. అవి ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి. పొద్దు వాలే వేళ ఆ ఈల గట్టు మీద నుంచి సన్నగా వినిపించేది. అది చెవిన పడగానే బూరోడు ఏ పనిలో ఉన్నా ఆగిపోయేవాడు. గుండెకు దారం కట్టి ఎవరో లాగుతున్నట్టు ఉండేది వాడికి.

"అమ్మా, వాళ్ళెవరు?" అని అడిగాడు ఒకరోజు.

"మీవాళ్ళే అయ్యుంటారు నాయనా" అంది పుల్లావు.

"మరి నేను?"

"నువ్వు నావాడివి."

ఆ మాట వాడికి హాయిగా ఉండేది. అయినా ఈల ఆగిపోయాక కూడా గట్టు వైపే చూస్తూ కూర్చునేవాడు. నన్ను కన్నామె ఎలా ఉంటుంది? నాలాగే ఆమెకూ ఎడమ చెవి వాలి ఉంటుందా? నేను వాగులో పడిపోయిన రోజు ఎంతసేపు వెతికి ఉంటుంది? ఇవన్నీ వాడు ఎవరినీ అడగలేదు. పుల్లావు నొచ్చుకుంటుందేమోనని.

రెండేళ్ళు గడిచాయి. ఒక పొద్దున పుల్లావు ఈనింది. ఈసారి దూడ బతికింది. ఆడదూడ. నుదుట తెల్లటి మచ్చ. వణికే కాళ్ళ మీద లేచి నిలబడి, మొట్టమొదట బూరోడి చెవినే నోట్లో పెట్టుకుని చీకింది. సింగరమ్మ విరగబడి నవ్వింది. "చెల్లెలురా నీకు! ఇక నీ చెవి నీది కాదు" అంది.

మధ్యాహ్నానికి పుల్లావుకు దాహం వేసింది. వాగు కాస్త దూరం. దూడ అంత దూరం నడవలేదు. తల్లి దూడను ఎత్తైన గడ్డిలో పడుకోబెట్టింది.

"బూరా, ఇప్పుడే వస్తా. దీన్ని విడిచి ఎక్కడికీ పోకు."

"పోనమ్మా."

బూరోడు దూడ చుట్టూ ముడుచుకుని పడుకున్నాడు. దూడ మూతి వాడి మెడకింద పెట్టి నిద్రపోయింది. దాని నోటి నుంచి కారిన పాలచొంగతో వాడి బొచ్చంతా తడిసింది.

అప్పుడు వినిపించింది ఈల. ఎప్పుడూ లేనంత దగ్గరగా.

"ఎవరు వచ్చారు?" అని గాలిని అడిగాడు బూరోడు.

"గట్టు కుక్కలు. ఏడుగురు" అంది గాలి. "ఆ మిట్ట వెనకే ఉన్నారు. ఇక్కడ వేట దొరకడం లేదట. ఈరోజే ఈ గట్టు వదిలి పోతున్నారు. వాళ్ళలో ఒక ముసలామె ఉంది. ఆమె ఎడమ చెవి వాలి ఉంటుంది."

బూరోడు తలెత్తాడు. "ఇంకెప్పుడు వస్తారు?"

"రారు."

వాడు దూడ వైపు చూశాడు. నిద్రపోతోంది. వాగు వైపు చూశాడు. పుల్లావు ఇంకా కనబడలేదు. మిట్ట వైపు చూశాడు. ఎంత దూరం? పరుగెత్తితే పది అంగల్లో చేరొచ్చు. ఒక్కసారి చూసి వస్తే చాలు. మాట్లాడకపోయినా పర్వాలేదు.

"చెల్లీ, లేవకు. ఇప్పుడే వచ్చేస్తా" అని దూడ చెవిలో చెప్పి, పరుగు తీశాడు.

మిట్ట వెనక ఏడుగురూ నిలబడి ఉన్నారు. ఎండిపోయిన డొక్కలు, ఎర్రటి కళ్ళు. ముసలామె ముందుకు వచ్చింది. వాడి మెడలోని తాడును చూసింది. వాడి వాలిన చెవిని చూసింది. వాడి మొహమంతా నాకింది.

"బతికే ఉన్నావా నా తండ్రీ! వాగు పొడుగునా మూడు రోజులు వెతికాను" అంది.

ఆ ఒక్క మాట కోసమే వాడు రెండేళ్ళు ఎదురుచూశాడు. కళ్ళు మూసుకుని ఆమె మెడలో తల దూర్చాడు. ఆ కాసేపూ వాడికి లోకమే గుర్తులేదు.

మిగతా కుక్కలు చుట్టూ చేరి వాడిని వాసన చూశాయి.

"పాల వాసన" అంది ఒకటి.

"లేత పాలు. ఈరోజు పుట్టిందే" అంది ఇంకొకటి.

"అది మా చెల్లెలి వాసన" అన్నాడు బూరోడు సంబరంగా.

కుక్కలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. మరో మాట లేకుండా వాడు వచ్చిన దారినే పరుగు పెట్టాయి.

బూరోడికి అర్థమయ్యేసరికి అవి గడ్డిలోకి దిగిపోయాయి. "వద్దు! వద్దు!" అని అరుస్తూ వెంటపడ్డాడు. ఒకదాని తోక పట్టి లాగాడు. ఇంకోటి వాడి చెవి చీల్చి కింద పడేసింది. వాడొక్కడు, అవి ఆరు. వాడు లేచి చూసేసరికి గడ్డి నలిగిపోయి ఉంది. దూడ లేదు. అడవి వైపు ఈడ్చుకుపోయిన జాడ మాత్రం ఉంది.

పుల్లావు వాగు నుంచి తిరిగి వచ్చింది. పొదుగు చేపుకొచ్చి పాలు కారుతున్నాయి.

"నా బిడ్డేది బూరా?"

వాడు తల దించుకున్నాడు.

పుల్లావు నలిగిన గడ్డిని చూసింది. "అంబా" అని పిలిచింది. బదులు లేదు. మళ్ళీ పిలిచింది. తర్వాత బూరోడి దగ్గరికి వచ్చి మెడకింద ముక్కు పెట్టింది. అక్కడ దూడ వాసన ఉంది. పాలచొంగ ఇంకా ఆరలేదు. పుల్లావు కళ్ళు మూసుకుని ఆ చోటునే నాకింది, దూడే తన ఎదుట ఉన్నట్టు. నాకుతూ నాకుతూ ఉంటే నాలుకకు ఇంకో వాసన తగిలింది. గట్టు కుక్కల వాసన. నెత్తురు వాసన.

పుల్లావు తల వంగింది. కొమ్ములు ముందుకు వచ్చాయి.

"అమ్మా! నేను కాదమ్మా!"

పుల్లావుకు ఆ మాట వినబడలేదు. దాని రంకెకు మిగతా ఆవులన్నీ తలలెత్తి, గుంపుగా కదిలి వచ్చాయి. బూరోడికి ఏం చేయాలో తోచలేదు. భయం వేసినప్పుడు చిన్నప్పటి నుంచీ ఎక్కడికి పోయేవాడో అక్కడికే పరుగెత్తాడు. సింగరమ్మ కాళ్ళ మధ్యకి.

సింగరమ్మ అరుపులు విని అప్పుడే వస్తోంది. వాడి మెడలో తాడు గట్టిగా పట్టుకుని, ఒళ్ళో పొదువుకుంది. "హోయ్! ఆగండి! ఏమైందే మీకు!" అని కేకేసింది.

ఆవులు ఎప్పుడూ ఆమె మాట దాటలేదు. కానీ ఆ పూట వాటి కళ్ళకు ఆమె లేదు. కుక్క ఒక్కటే ఉంది. మొదటి పోటుకు సింగరమ్మ కింద పడింది. ఒక గిట్ట ఆమె మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. అయినా తాడు వదలలేదు. వదిలితే వాడిని చంపేస్తాయని.

ఇంకో కొమ్ము పక్కటెముకల మీదుగా రాసుకుపోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు. వాడు నా దగ్గర ఉన్నంతసేపూ ఇద్దరం బతకం. వాడికి నాలుగు కాళ్ళున్నాయి. ఈ ఆవులకంటే వాడి పరుగే ఎక్కువ.

ఆమె పిడికిలి విప్పింది.

"పో! ఉరుకురా బూరా! నా కోసం ఆగకు!"

వాడు ఒక్కసారి ఆమె మొహం చూసి బాణంలా దూసుకుపోయాడు. మంద మొత్తం ఆమెను వదిలేసి వాడి వెంట పడింది. ఎన్ని ఆవులు తరిమినా వాడు దొరకలేదు. వాగులోని రాళ్ళ మీదుగా దూకి అవతలి ఒడ్డున పడ్డాడు. సింగరమ్మ పాక్కుంటూ రాళ్ళ చాటుకు చేరింది.

సాయంత్రం పుల్లావు వచ్చి ఆమె పక్కన నిలబడింది. తల ఎత్తలేకపోయింది.

"నీకు తగలాలని కాదమ్మా."

"తెలుసులేవే" అంది సింగరమ్మ, మోకాలికి గుడ్డ బిగించుకుంటూ. "వాడు చంపలేదే పుల్లా. వాడి చెవి చూశావా? పోట్లాడాడు."

"అదీ తెలుసు. వాడిని చూస్తే నా బిడ్డ గుర్తొస్తుంది. దాని వాసన వాడి బొచ్చులోనే మిగిలింది. దగ్గరికి పోయి ఒక్కసారి చూసుకోవాలనిపిస్తుంది. దగ్గరికి పోతే ఆ రెండో వాసన తగులుతుంది. ఇక నా తల నా మాట వినదు."

సింగరమ్మ గుడ్డ ముడి వేసింది. "మరి నేను వాడిని వెంటబెట్టుకుని ఈ బీడు దాటాలంటే ఎట్లా?"

"మాకు దూరంగా, చుట్టు తిరిగి పో. మాకూ మా దూడలకూ మధ్యలోంచి మాత్రం రాకు. మేం తలెత్తి చూస్తే అరవకు, పరుగెత్తకు. నెమ్మదిగా పక్కకు తప్పుకో. అప్పటికీ మేం మీదికి వస్తే తాడు వదిలెయ్. వాడు తప్పించుకోగలడు. నువ్వు తప్పించుకోలేవు."

సింగరమ్మ ఆవు మెడ నిమిరింది. ఆ రోజు నుంచి ఆమె కుంటుతూనే నడిచింది. ఎప్పుడు కుక్క వెంట ఉన్నా ఆవు చెప్పినట్టే నడిచింది.

బూరోడు మాత్రం వాగుకు అవతలే ఉండిపోయాడు. రోజూ పుల్లావు నీళ్ళకు వచ్చేది. ఇవతలి ఒడ్డున నిలబడి ముక్కుపుటాలు పైకెత్తేది. గాలి అటు నుంచి ఇటు వీచేది. గాలిలో సన్నగా దూడ వాసన వచ్చేది. పుల్లావు నీళ్ళు తాగడం మరిచి అలాగే నిలబడేది. వాడు ఆ వాసన చెదిరిపోతుందేమోనని ఒళ్ళు విదిలించుకునేవాడు కాదు. నీళ్ళలో దిగేవాడు కాదు. మెడకింద నాలుకతో తాకేవాడు కాదు.

కానీ వానలు వచ్చాయి. రెండు రోజులు ఆగకుండా కురిశాయి. బూరోడు ఒక బండ చాటున ముడుచుకుని, మెడ పొట్టకింద దాచుకున్నాడు. ఎంతని దాస్తాడు? నీళ్ళు వాడి బొచ్చులోంచి కారి నేలలోకి ఇంకిపోయాయి.

వాన వెలిశాక పుల్లావు వాగు దగ్గరికి వచ్చింది. ముక్కు ఎత్తింది. తడిమన్ను వాసన వచ్చింది. తడిసిన కుక్క వాసన వచ్చింది. ఇంకేమీ రాలేదు.

"బూరా, ఇంకొంచెం దగ్గరికి జరుగు" అంది.

వాడు నీళ్ళ అంచు దాకా వచ్చాడు.

"ఇంకొంచెం."

"ఇక లేదమ్మా" అన్నాడు వాడు. "వాన తీసుకుపోయింది."

పుల్లావు నమ్మలేదు. "ఉంటుంది. ఎక్కడో ఉంటుంది. నీలో కాకపోతే ఇంకో కుక్కలో ఉంటుంది" అంది. గడ్డి మొహం కూడా చూడకుండా మంద వైపు వెళ్ళిపోయింది. ఆ మాట మిగతా ఆవులు విన్నాయి. ఆవుల నుంచి వాటి దూడలు విన్నాయి. గాలి ఆ మాటను బీడు దాటించి, గట్లు దాటించి, ఆవులున్న ప్రతి ఊరికీ మోసుకుపోయింది.

అప్పటినుంచే, కుక్క కంటపడితే ఆవు మేత మాని తలెత్తుతుంది. ఒక్కో అడుగే వేస్తూ దగ్గరికి వస్తుంది. పెయ్యలూ కోడెదూడలూ అయితే గుంపుగా వెంట నడుస్తాయి. అప్పటినుంచే కుక్కను తీసుకుని బీడు దాటేవాళ్ళు మందకు దూరంగా చుట్టు తిరిగి పోతారు. ఆవు తరిమితే తాడు వదిలేస్తారు. తల్లి ఆవు ఎన్ని ఈతలు ఈనినా, ఎదురొచ్చిన ప్రతి కుక్క దగ్గరా ముక్కు చాచి ఆ ఒక్క వాసన కోసమే వెతుకుతుంది. దొరకనప్పుడే కొమ్ములు దించుతుంది.