తడిక దాకా వచ్చే అచ్చియ్యమ్మ

ముందుగా అమ్మవారికో దణ్ణం, తర్వాత మీకో దణ్ణం. ముందువాళ్లు కాస్త జరిగి వెనకవాళ్లకి చోటివ్వండి. ఇది పెద్ద కథేం కాదు.

అప్పుడు ఏ రాజు ఏలేవాడో చెప్పేవాళ్లు లేరు. సముద్రం మాత్రం ఇక్కడే ఉంది. దాని ఒడ్డున తెల్లపర్ర అని ఒక ఊరు. ఊరంతా ఉప్పు మళ్లే, మనుషులంతా ఉప్పు లాగేవాళ్లే. ఎండ కళ్లని కాల్చేది, ఉప్పు కాళ్లని తినేసేది. పట్నం వైద్యుడు ఆ బురదలో కాలు పెట్టేవాడు కాదు. ఉన్నదల్లా అచ్చియ్యమ్మ.

అచ్చియ్యమ్మ కూడా పొద్దున ఉప్పు లాగేదే. మధ్యాహ్నం దాటితే ఆమె గుడిసె ముందు జనం. పుండు కడిగేది, పసరు పోసేది, కట్టు కట్టేది. అంతవరకు ఎవరైనా చేస్తారు. ఆమె చేసే పని ఇంకొకటుంది. వచ్చినవాళ్లు వెళ్తామని లేస్తే తనూ లేచేది. వాకిట్లో తడిక దాకా వెంట నడిచేది. తడిక మీద చెయ్యేసి, "ఇంకేమన్నా ఉందా?" అని అడిగేది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. లోపల కూర్చుని చెప్పలేని మాట మనుషులు అక్కడ నిలబడి చెప్పేవాళ్లు.

మోకాలి నొప్పని వచ్చిన సన్నాసి తాత తడిక దగ్గర గొణిగాడట, మా ముసల్ది మూణ్ణెల్లుగా నాతో మాట్లాడటం లేదు, దానికేమన్నా పసరుందా అని.

"ఉంది. ముందు నువ్వు మాట్లాడు," అంది అచ్చియ్యమ్మ.

అలా ఏళ్లు గడిచాయి. జనం తగ్గలేదు, ఆమె ఒంట్లో సత్తువ తగ్గింది. సాయంత్రానికి కాళ్లు కర్రలయ్యేవి. స్వామీ, ఒక్క పూట పడుకోనివ్వు అని దణ్ణం పెట్టుకునేది. స్వామి వినేవాడో లేదో గానీ, ఎవరో ఒకరు తడిక తట్టేవారు.

ఒకనాడు నూకాలు వచ్చింది. తొలికాన్పు పిల్ల, చంకలో నెల బిడ్డ. మొగుడు ఉప్పు పడవ మీద దూరం పోయాడు. అరికాళ్లు పగిలాయంది. అచ్చియ్యమ్మ నూనె రాసి గుడ్డ చుట్టింది. వస్తా పెద్దమ్మా అని నూకాలు లేచింది. అచ్చియ్యమ్మ లేవబోయింది. కాళ్లు లేవలేదు. కాలి పగుళ్లేగా అనుకుంది. కూర్చునే, వెళ్లిరా తల్లీ అంది.

నూకాలు తడిక దగ్గర ఆగింది. వెనక్కి చూసింది. వెళ్లిపోయింది.

అచ్చియ్యమ్మ గంజి ముందు పెట్టుకుంది. మొదటి గుక్క దిగలేదు. రెండో గుక్క దిగలేదు. మూడోది నోటిదాకా రాలేదు. ఆ పిల్ల ఎందుకు ఆగింది? గిన్నె అలాగే వదిలి, కర్ర పట్టుకుని, నూకాలు పోయిన వైపే మడి గట్ల మీద కాళ్లీడ్చుకుంటూ పోయింది.

ఏటి పాయ దగ్గర బిడ్డ గట్టు మీద ఏడుస్తోంది. తల్లి నడుము లోతు నీళ్లలో నిలబడి ఉంది.

అచ్చియ్యమ్మ అరవలేదు. బిడ్డని ఒళ్లో వేసుకుని నీళ్ల అంచున కూలబడింది.

"ఇందాక లేవలేకపోయానమ్మా. ఇప్పుడొచ్చా. ఇంకేమన్నా ఉందా?"

నూకాలు ఇంకో అడుగు లోపలికేసింది. రెండోసారి అడిగితే ఏమీ లేదంది. మూడోసారికి వెనక్కి తిరిగింది.

"బిడ్డని చూస్తే నాకేమీ అనిపించట్లేదు పెద్దమ్మా. నేను తల్లినేనా?"

"అదా. అదీ జబ్బేనే పిచ్చిపిల్లా, నీ కాలి పగులులాగే. మానుతుంది. ముందొచ్చి నన్ను లేపు, నావల్ల కావట్లేదు."

నూకాలు నీళ్లలోంచి వచ్చి ఆమెని లేపింది. అచ్చియ్యమ్మ ఆ పిల్లని తన గుడిసెలోనే పెట్టుకుంది. వండి పెట్టింది, తల దువ్వింది, బిడ్డని తనెత్తుకుని తల్లిని పడుకోబెట్టింది. తను అడుక్కున్న నిద్ర ఆ పిల్లకిచ్చిందన్నమాట. చాలా రోజులకి, బిడ్డ తుమ్మితే నూకాలుకి నవ్వొచ్చింది.

ఆ బిడ్డకి నడకొచ్చిన ఏడు, ఉప్పు రాశులు పోసే కాలంలో అచ్చియ్యమ్మ పోయింది. దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ అయినవాళ్లు పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి, ప్రాణం ఉంటే పలుకుతారని. ఆమెకి అయినవాళ్లు లేరు. మగవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆడవాళ్లు రాని చోటికి నూకాలు, బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఎవరూ ఆపలేదు. వంగి చెవిలో అడిగింది.

"పెద్దమ్మా, ఇంకేమన్నా ఉందా?"

మూడుసార్లు అడిగింది. అచ్చియ్యమ్మ ఎంతసేపు ఆగేదో అంతసేపు ఆగింది. అప్పుడు లేచింది.

"ఏమీ లేదంట. పడుకుంటుందంట," అంది.

ఇప్పటికీ తెల్లపర్రలో ఎవరింటికెళ్లినా తడిక దాకా వచ్చి ఆ మాట అడిగి పంపుతారు. పాడె దించినప్పుడు పేరు పెట్టి పిలవరు, ఆ మాటే అడుగుతారు. మూడోసారి అడిగాక కాసేపు ఆగుతారు. ఆ తర్వాతే భుజానికెత్తుకుంటారు.