చేతిలో చెప్పులు

కోదండపాణికి ఒకటే బాధ. ఆకాశంలోంచి దూకడం వచ్చు. ఇంకొకరిని దూకించే అనుమతి మాత్రం రావడం లేదు.

అతను నేర్చుకున్నది టాండెం. అంటే కొత్తగా వచ్చిన మనిషిని తన ఛాతీకి పట్టీలతో బిగించుకుని, ఇద్దరికీ కలిపి ఒకే పారాచూట్‌తో నేలకు దించడం. వేరుశనగ చేల మధ్య, ఎవరో ఎప్పుడో వేసి వదిలేసిన రన్‌వే మీద దామోదర్ గారు ఒక కేంద్రం నడుపుతున్నారు. అక్కడ ఈ విద్య నేర్పేది మస్తాన్ వలీ. సైన్యంలో పారాచూట్ దళానికి పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన సరే అననిదే ఆ రన్‌వే మీద ఎవరి ఛాతీకీ ఎవరినీ కట్టరు.

కోదండంతో పాటు నేర్చుకున్నవాళ్ళు వేరే ఊళ్ళలో అప్పుడే జనాన్ని దూకిస్తున్నారు. రోజూ ఫొటోలు పెడుతున్నారు. ఇతను మాత్రం ఇంకా కొట్టంలో కూర్చుని పారాచూట్లు మడతపెడుతున్నాడు.

ఆ ఉదయం ఉస్తాదే అతని ఛాతీకి కట్టించుకుని దూకారు. పరీక్ష కోసమని గాల్లో కావాలనే కాళ్ళు తన్నుకున్నారు, చేతులు పట్టుకుని లాగారు, చెవులు చిల్లులు పడేలా అరిచారు. కోదండం దేనికీ చలించలేదు. పళ్ళెంలో పువ్వు పెట్టినట్టు ఆయన్ని దించాడు.

పట్టీలు విప్పుతూ అడిగాడు.

"ఏమైనా తప్పు చేశానా ఉస్తాద్?"

"లేదు."

"చేతులు కుదురుగా లేవా?"

"నా చేతుల కంటే కుదురుగా ఉన్నాయి."

"మరి ఎందుకు ఆపుతున్నారు?"

ఉస్తాద్ కొట్టంలోకి నడిచారు. దూకడానికి వచ్చేవాళ్ళు చెప్పులు అక్కడ విడిచి, కేంద్రం వాళ్ళిచ్చే కాన్వాస్ బూట్లు వేసుకుని వెళ్తారు. అప్పుడే ఒక కాలేజీ అమ్మాయి సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌తో విమానం ఎక్కింది. ఆమె నీలం రంగు చెప్పులు బల్ల కింద ఉన్నాయి. ఉస్తాద్ వంగి వాటిని తీశారు, దుమ్ము దులిపారు, కోదండం చేతిలో పెట్టారు.

"ఈ బిడ్డ దిగేదాకా పట్టుకుని నిలబడు బేటా. కింద పెట్టొద్దు."

కోదండానికి ముఖం ఎర్రబడింది. కానీ గురువు చెప్పాక కాదనలేడు. ఎండలో నిలబడ్డాడు.

ఆ విడత ఖాళీగా ఉన్న కెమెరామన్ జీవన్ అటువైపు వస్తూ ఆగాడు. గాల్లో పక్కనే ఎగురుతూ వీడియో తీయడం అతని పని. నేల మీద అందరినీ ఏడిపించడం అలవాటు.

"ఏంరా, కోదండపాణే పాదుకలు మోస్తున్నాడు? భరతుడు సెలవు పెట్టాడా?"

"పోరా."

పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి తండ్రి. చొక్కా జేబులో కూతురి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"నువ్వు దూకవా నాయనా?"

"దూకుతానండీ."

"మరి ఈ చెప్పులు..."

"మా ఉస్తాద్ పట్టుకోమన్నారు."

ఆయన తనలో తాను అన్నట్టు అన్నాడు. "దీనికి సైకిల్ నేర్పేటప్పుడు, పట్టుకున్నానని చెప్పి వదిలేశాను. ఇప్పటికీ దెప్పుతుంది." నవ్వబోయి మధ్యలో ఆపేశాడు.

అందరూ తలలెత్తి ఆకాశం చూస్తున్నారు. ఆయన మాత్రం కోదండం చేతిలో ఉన్న చెప్పులు చూస్తున్నాడు.

పైన చుక్క కనిపించింది. పారాచూట్ విచ్చుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. అమ్మాయి దిగి, నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. తండ్రి కింద కూర్చుని బూట్ల ముడులు తనే విప్పాడు. "ఆ జుట్టు చూడు, పిచ్చుకగూడు అయింది" అని కసిరాడు. అమ్మాయి కోదండం చేతిలోంచి చెప్పులు తీసుకుని తొడుక్కుంది. నాలుగడుగులు వేసింది. అప్పుడు గానీ ఆ తండ్రి లేవలేదు.

కోదండం తన అరచెయ్యి చూసుకున్నాడు. చెప్పు పట్టీ అచ్చు పడి ఎర్రగా ఉంది. అంత గట్టిగా ఎప్పుడు పట్టుకున్నాడో అతనికే తెలియలేదు.

సాయంత్రం ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. "రేపటి నుంచి నేనేం చేయాలి?"

"రేపు కూడా అదే."

మర్నాడూ అదే, ఆ తర్వాతా అదే. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టుకున్న చెప్పులు పట్టుకున్నాడు. కొత్త పెళ్ళికొడుకు కిర్రు చెప్పులూ, పెళ్ళికూతురి వెండి మెట్టెలూ కలిపి పట్టుకున్నాడు. పెళ్ళికొడుకు తలుపు దగ్గర బిగుసుకుపోయి విమానంలోనే దిగొచ్చాడు, పెళ్ళికూతురు దూకి వచ్చింది. వాళ్ళ వాళ్ళంతా విరగబడి నవ్వారు.

ఆ కేంద్రంలో ఒక ఆచారం ఉంది. ఎక్కి, దూకకుండా విమానంతో పాటే దిగినవాడు అందరికీ టీ పోయాలి. పెళ్ళికొడుకు అందరికీ టీ పోశాడు. కస్టమరు దిగితే అది వేళాకోళం. ఇన్‌స్ట్రక్టరు తనే వద్దని దిగితే మాత్రం ఆ టీ చేదుగా ఉంటుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు అలా దిగేవారు కాదు.

ఇంతలో వరస సెలవులు వచ్చాయి. జనం కార్లు వేసుకుని, పిల్లాజెల్లాతో వచ్చేశారు. సరిగ్గా ఆ రోజే ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు మడమ బెణికింది. దామోదర్ గారు చెమటలు తుడుచుకుంటూ ఉస్తాద్ దగ్గరికి వచ్చారు.

"కోదండాన్ని పంపండి ఉస్తాద్. వాడికి రానిదేముంది?"

ఉస్తాద్ పారాచూట్ మడతపెడుతున్నారు. తలెత్తలేదు.

"నేను చెడ్డవాణ్ణి కాదు. మీకు తెలుసు," అన్నారు దామోదర్ గారు. "విమానమంటే కట్టేసిన ఎద్దు. దున్నినా తింటుంది, దున్నకపోయినా తింటుంది. ఈ సెలవులు పోతే వానలొస్తాయి. కొట్టానికి తాళం పడుతుంది. అప్పుడు మీరు ఎవరికి నేర్పుతారు? జాగ్రత్త, జాగ్రత్త అని ఎవరికి చెప్తారు?"

"నిజమే," అన్నారు ఉస్తాద్. మాటవరసకు అనలేదు. మడత ఆపి, నిజంగానే ఆలోచించి అన్నారు. తర్వాత శిష్యుడి వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు."

ఈ ప్రశ్నకు జవాబు కోదండం నాలుక చివర ఎన్నాళ్ళ నుంచో ఉంది. దూకిస్తాను ఉస్తాద్. ఆ మాటే అనబోయాడు. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"దించుకొస్తాను ఉస్తాద్."

ఆయన ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశారు.

"అయితే ఎక్కించు."

వచ్చినామె పేరు రవళి. ఆస్పత్రిలో నర్సు. వెంట ఎవరూ లేరు. సెలవు దొరికిందని ఒక్కతే బస్సెక్కి వచ్చింది. కోదండం ఆమెకు పట్టీలు బిగించి, ఉస్తాద్ నేర్పినట్టు ప్రతి కొక్కేన్నీ చేత్తో తడిమి చూశాడు. నేల మీద ఒకసారి, విమానంలో ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి తడమాలి. కళ్ళతో కాదు, చేత్తో. అది ఉస్తాద్ పద్ధతి.

ఉస్తాద్ వచ్చి అడిగారు. "ఇంట్లో చెప్పావా అమ్మా?"

"లేదండీ. మా అమ్మకు తెలిస్తే ఫోన్లోనే కళ్ళు తిరిగి పడిపోతుంది. దిగాక చెప్తా."

ఆయన తల ఊపారు. వంగి, ఆమె విడిచిన చెప్పులు తీసుకున్నారు.

విమానం కదిలింది. కోదండం కిటికీలోంచి చూశాడు. రన్‌వే పక్కన ఎండలో, తెల్లగడ్డం గాలికి కదులుతుండగా, ఉస్తాద్ ఆ చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

పైకి వెళ్ళేకొద్దీ పడమటి నుంచి మబ్బు వస్తోంది. పైలట్ వెనక్కి తిరిగి, త్వరగా కానివ్వమని సైగ చేశాడు. కోదండం రవళిని తన ఛాతీకి తగిలించుకుని బిగించాడు. తలుపు తెరిచారు. చలిగాలి ముఖం మీద కొట్టింది. జీవన్ కెమెరాతో బయటికి వేలాడుతున్నాడు. పచ్చదీపం వెలిగింది.

కోదండం చేత్తో తడిమాడు. భుజాలు. నడుము. ఎడమ తొడ. కుడి తొడ దగ్గర చెయ్యి ఆగింది. పట్టీలో అరచెయ్యి మొత్తం దూరుతోంది.

"ఇది ఎవరు వదులు చేశారండీ?" ఆమె చెవి దగ్గర అరిచాడు.

"నేనే! ఒరుసుకుంటోంది!"

కోదండం జీవన్‌ను లోపలికి రమ్మన్నాడు. పైలట్‌కు వేలు తిప్పి చూపించాడు. ఇంకో చుట్టు. తలుపు మూసి, ఆమెను వెనక్కి జరిపి, కొక్కేలు విప్పి, అన్నీ మొదటి నుంచి బిగించాడు. అతని చేతులు తొందరపడలేదు. మళ్ళీ తలుపు తెరిచేసరికి కింద నేల లేదు. అంతా దూది.

రన్‌వే ఉండాల్సిన చోట మాత్రం ఒక సందు ఉంది. అందులోంచి వేరుశనగ చేల పచ్చదనం కొంచెం కనిపిస్తోంది.

పైలట్ దగ్గరున్న రేడియోలో దామోదర్ గారి గొంతు వినిపించింది. "సందు ఉంది కదా కోదండం. ఇప్పుడే దూకేయండి. ఇక్కడ జనం లైన్లో ఉన్నారు."

సందు ఉంది. అది చాలు అతనికి. ఒంటరిగా అయితే అంతకంటే ఇరుకు సందుల్లోంచి ఈలవేసుకుంటూ జారిపోయాడు. జీవన్ కళ్ళెగరేశాడు, పదమన్నట్టు. ఆ సందులోంచి దూకితే వీడియో అదిరిపోతుంది.

అంత ఎత్తు నుంచి మనుషులు కనిపించరు. కొట్టమే అగ్గిపెట్టెలా ఉంటుంది. అది కూడా ఇప్పుడు మబ్బు కిందకు పోయింది. అయినా అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో, చేతిలో ఏం ఉందో కోదండానికి తెలుసు.

"దిగుదాం," అన్నాడు పైలట్‌తో.

రవళి మెడ తిప్పి చూసింది. ఎంతో కాలానికి దొరికిన సెలవు ఇది. ఆమె గొంతులో కోపం ఉంది. "నాకు భయం లేదండీ. మీకు భయమా?"

"ఉందండీ," అంటూ కోదండం తలుపు మూసేశాడు.

విమానం దిగేసరికి లైన్లో ఉన్నవాళ్ళంతా వింతగా చూశారు. ఎవరో నవ్వారు. దామోదర్ గారు పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చారు.

"ఏమైంది?"

"మబ్బండీ."

"సందు ఉందిగా."

"ఉంది."

అంతే చెప్పాడు. పట్టీ సంగతి ఎత్తలేదు. జీవన్ అతని వైపు చూసి, మొదటిసారి ఏ వేళాకోళమూ చేయకుండా హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఉస్తాద్ నిలబడ్డ చోటే ఉన్నారు. కోదండం వెళ్ళి చెయ్యి చాపాడు. ఆయన చెప్పులు ఇచ్చారు. అతను వాటిని తెచ్చి రవళి కాళ్ళ ముందు పెట్టాడు. ఆమె బూట్లు విప్పి, చెప్పులు తొడుక్కుంటూ ఆగింది.

"ఆయన తప్పేం లేదు సార్," అంది దామోదర్ గారితో. "పట్టీ నేనే వదులు చేసుకున్నా. దాన్ని మళ్ళీ బిగించే లోపల మబ్బు వచ్చింది."

దామోదర్ గారు ఆమెను చూశారు. కోదండాన్ని చూశారు. పొడవాటి లైను వైపు తిరిగారు. ఎద్దుకు ఆ పూట మేత దండగ. తర్వాత మైకు అందుకున్నారు.

"మబ్బు తొలిగాకే తర్వాతి విడత. ఆగలేనివాళ్ళు రేపు రండి. రేపు వాళ్ళకే ముందు."

మైకు ఆపి, అటు తిరక్కుండానే అడిగారు. "ఉస్తాద్, రేపు ఈ అమ్మాయిని ఎవరితో పంపమంటారు?"

"కోదండంతో."

రవళి పక్కకు వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. "అమ్మా, తిన్నావా?" అనడం మాత్రం వినిపించింది.

ఆచారం ఆచారమే. కోదండం కొట్టంలోకి వెళ్ళి స్టవ్ వెలిగించాడు. అల్లం దంచి వేశాడు. పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని లైను పొడవునా తిరిగాడు. విసుక్కుంటూ ఉన్నవాళ్ళు కూడా టీ చూసి సర్దుకున్నారు. దామోదర్ గారు ఒక గుటక వేసి, "చక్కెర తక్కువైంది" అని, రెండో గ్లాసు కూడా తీసుకున్నారు.

ఆఖరి గ్లాసు ఉస్తాద్‌కు తీసుకెళ్ళాడు. ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నారు. గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపారు.

ఆ అరచేతిలో చెప్పు పట్టీ అచ్చు పడి ఉంది. ఎర్రగా, లోతుగా.

కోదండం దాన్ని చూస్తూ నిలబడ్డాడు. టీ ఇవ్వడం మర్చిపోయాడు.

"ఇన్నేళ్ళయినా ఇంకా అలవాటు కాలేదా ఉస్తాద్?"

ఆయన గ్లాసు తనే తీసుకున్నారు. ఊది, ఒక గుటక తాగారు.

"అయిన రోజు చెప్తాను బేటా. అప్పుడు నన్ను ఇంటికి పంపించెయ్."