మెరుపును నమ్ముకున్న అలుగు

ఏనుగుబండ అడవిలో ఆ ఏడు శివరాత్రికే వాగు అడుగంటింది. వాగు పొడవునా ఇసకలో మిగిలినవి పదకొండు చెలమలు. ఇవాళ నీళ్ళున్న చెలమ రేపటికి ఉత్త గుంట. ఎటు నడవాలో తెలియక, జంతువులకు ఉన్న కాస్త ఓపికా దారిలోనే అయిపోయేది.

అది చూసి, అడవి కాలేజీలో మూడో ఏడు చదువుతున్న, ఒంటినిండా పొలుసుల అలుగు సీతాలు ఒక వెబ్‌సైటు తలపెట్టింది. చెలమ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ‘నీళ్ళున్నాయి’ అనో ‘లేవు’ అనో అందులో నొక్కాలి. బయల్దేరబోయేవాళ్ళు అది చూసుకుని నడవాలి. కోడంతా ఓపెన్ సోర్సు. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు.

ఇక తేలాల్సింది ఫ్రేమ్‌వర్క్. ఇల్లు కట్టేవాడికి నిట్రాళ్ళూ దూలాలూ ఎలాగో, వెబ్‌సైటు కట్టేవాడికి అది అలాగ. ఒకసారి నిలబెట్టాక మార్చాలంటే ఇల్లంతా విప్పాల్సిందే.

సీతాలు ముందు ముసలి ఎద్దు బసవయ్య దగ్గరికి వెళ్ళింది. అడవిలో సగం మందికి కోడు రాయడం నేర్పింది ఆయనే.

“నాగలితో కట్టు తల్లీ,” అన్నాడు బసవయ్య నెమరు ఆపి. నాగలి పదిహేనేళ్ళ నాటి ఫ్రేమ్‌వర్క్.

“అది మరీ పాతది కదా తాతా. నత్తనడక అంటున్నారు.”

“నత్తనడకే. కానీ అది తెలిసినవాళ్ళు మనలో వందమంది ఉన్నారు. నువ్వు జ్వరమొచ్చి పడుకుంటే ఇంకొకరు లేచి చూసుకుంటారు.”

“నాకేం జ్వరం రాదులే తాతా.”

బసవయ్య నవ్వలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా, ఆ సలహా సీతాలుకు రుచించలేదు.

తిరిగొస్తుంటే నక్క జంబయ్య ఎదురయ్యాడు. సంగతంతా విని నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

“నాగలా? నీ తెలివికి నాగలేమిటి చెల్లెమ్మా! నేను రాసిన మెరుపు చూడు.”

చూపించాడు. రెప్ప వేసేలోగా పేజీ తెరుచుకుంది.

“బాగుందన్నా. మరి ఏదన్నా తేడా వస్తే?”

“నేను లేనూ? పిలిస్తే పలుకుతాను.”

సీతాలుకు తెలివుందని అంతవరకు ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటకే పడిపోయింది. జంబయ్య చెప్పనివి మూడున్నాయి. మెరుపును అప్పటికి వాడినవాళ్ళు ఒక్కరూ లేరు. దానితో నడిచే సైటు ఒక్కటి చూపిస్తే ఉద్యోగమిస్తానని చిరుతపులి కంపెనీ అతనికి మాటిచ్చింది. మూడోది, మెరుపు సగం పని జంబయ్య కంప్యూటర్లోనే జరుగుతుంది. అది ఆగితే ఇదీ ఆగుతుంది.

తొమ్మిది రోజుల్లో సైటు లేచింది. రెండు నెలలు అడవంతా దాన్ని చూసే నడిచింది. దుప్పి గౌరి ఓ సాయంత్రం పనిగట్టుకుని వచ్చింది, పొట్ట కింద పిల్లతో.

“నీ పుణ్యమా అని నా పిల్ల ఇవాళ కడుపునిండా తాగిందే అమ్మాయ్.”

సీతాలు సిగ్గుపడి కాళ్ళకేసి చూసుకుంది. ఆ వారమంతా ఆ మాటే తలుచుకుంటూ తిరిగింది.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. జంబయ్యకు ఉద్యోగమూ వచ్చింది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. ఒక పొద్దున సైటు తెరుచుకుంది గానీ ఎవరేం నొక్కినా ఎక్కలేదు. నిన్నటి మాటే చూపిస్తూ కూర్చుంది.

సీతాలు చిరుతపులి ఆఫీసుకు పరుగెత్తింది. “అన్నా, మెరుపు పడిపోయింది!”

“పడిపోలేదు, నేనే ఆపేశాను. ఇక్కడ పనితో ఊపిరాడట్లేదు.”

“పిలిస్తే పలుకుతానన్నావు!”

“పలికాగా ఇప్పుడు?” జంబయ్య తోక దులుపుకున్నాడు. “చూడు చెల్లెమ్మా, నేను ఊరికే ఇచ్చాను. ఏం జరిగినా నాది పూచీ కాదని లైసెన్సులో రాసే ఉంది. చదవలేదా?”

చదవలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

సాయానికి కోతి వచ్చింది, ముంగిస వచ్చింది. కోడు తెరిచి తలలు గోక్కున్నారు. “నాగలైతే గంటలో చేసిపెట్టేవాళ్ళం సీతాలూ. ఇది ఆ నక్కకి తప్ప ఎవరికి అర్థమవుతుంది?” అని వెళ్ళిపోయారు.

పేజీ మూసేస్తే? అందరికీ తెలిసిపోతుంది, తలెత్తుకోలేను అనుకుంది సీతాలు. రెండు రోజుల్లో బాగుచేసేస్తానులే అనుకుంది. మూయలేదు. ఆ తప్పులో నక్క చెయ్యి లేదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం గౌరి వచ్చింది. ఒంటరిగా.

“తూర్పు చెలమలో నీళ్ళున్నాయని ఉంది కదా అమ్మాయ్. అంత దూరమూ నడిచాం. ఇసక తవ్వి చూశాను, తడి కూడా లేదు.”

“పిల్లేదత్తా?”

“అక్కడే పడుకుంది. లేవట్లేదు.” గౌరి నాలుక పిడచకట్టి మాట సరిగా రావట్లేదు. “దగ్గర్లో ఇంకే చెలమన్నా ఉందేమో నీ పేజీలో చూసి చెప్పు. కాసిని నీళ్ళు నోట్లో పట్టుకెళ్తా.”

సీతాలు పేజీకేసి చూసింది. ఆరు చెలమల పక్కన ‘నీళ్ళున్నాయి’ అనే ఉంది.

“ఇవన్నీ పాతవత్తా.”

“పాతవంటే?”

“మూడు రోజులైంది ఇది పనిచెయ్యక. నాకు తెలుసు. చెప్పలేదు.”

గౌరి వెనక్కి తిరిగి, వచ్చిన దారినే తూర్పుకు నడిచింది.

సీతాలు అప్పుడు మూసింది పేజీని. బసవయ్య దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన ‘నేను చెప్పలేదా’ అనలేదు. నాగలి తెలిసిన పదిమందిని కేకేశాడు. నాలుగు రోజుల్లో సైటు మళ్ళీ లేచింది. నత్తనడకే, కానీ ఆగలేదు.

గౌరి మాత్రం దాన్ని మళ్ళీ తెరవలేదు. చెలమ చెలమకూ ఒంటరిగా నడిచి, తనే వాసన చూసుకుని, నీళ్ళు లేకపోతే ఇంకో చెలమకు నడుస్తుంది. దారిలో సీతాలు ఎదురైతే పలకరిస్తుంది, ఎండల గురించి రెండు మాటలంటుంది. పిల్ల మాట ఎత్తదు. తిట్టినా బాగుండేదని ఆమె వెళ్ళినవైపే చూస్తూ నిలబడిపోతుంది సీతాలు.

నీతి: పదిమంది ప్రాణాలు ఆనుకునే పనికి, పదిమందికీ చేతనైన పనిముట్టే పట్టాలి.