మతి లేని గవరమ్మ నిమ్మచెట్టు

వెనకటికి ఒక ఊళ్లో గవరమ్మ అనే ముసలామె ఉండేది. మతిమరుపు మనిషి. పెరట్లో పెనిమిటి నాటిన నిమ్మచెట్టే ఆమెకు తోడు. దానిమీద కన్నేసిన మునసబు ఒకరోజు ఊరివాళ్లను వెంటబెట్టుకొచ్చాడు.

"పోయినేడు ఈ చెట్టు నాకిచ్చేశావు, మరిచిపోయావా? రోజూ తెల్లారగట్ల నేనే కాయలు కోసుకుంటున్నా" అన్నాడు.

నిజంగానే ఇచ్చేశానేమోనని గవరమ్మకే అనుమానమొచ్చింది. కాసేపు చెట్టుకేసి చూసి, "అలవాటైన చెయ్యే కదా బాబూ, ఒక్క కాయ కొయ్యండి" అంది.

మునసబు కొమ్మల్లో చెయ్యి పెట్టి, "అబ్బా!" అంటూ లాక్కున్నాడు. మోచేతిదాకా ముళ్ల గీతలే. గవరమ్మ కళ్లు మూసుకుని చెయ్యి పోనిచ్చి, ఒక్క గీతైనా పడకుండా కాయ తీసింది. ఊరివాళ్లు ఘొల్లున నవ్వారు.

"నాకు మతి లేదు గాని బాబూ, నా చేతికి ఉంది. రండి, ఆ గీతలకు పసుపు అద్దుతాను" అంది గవరమ్మ.