రాజగురువు ఏరిన గిన్నె

మంచుకొండల రాజ్యంలో జనం తినేది కంచు గిన్నెల్లోనే. ఒకనాడు రాజగురువు చెవిన గిన్నె మోగిన శబ్దం పడింది. అంతే! "ఇవి దేవతలు దింపినవి, మనుషులు వీటిలో తింటే పాపం" అని చాటించి, ఊళ్లో గిన్నెలన్నీ మఠానికి ఎత్తుకుపోయాడు. పిల్లలు వేడి జావ దోసిట్లో పట్టి చేతులు కాల్చుకున్నారు.

మేకలు కాసే పెమాకు ఒళ్లు మండింది. తిన్నగా సభకెళ్లింది.

"మహారాజా, అవి మా ఊరి కంచరి కొట్టినవి. ఏ దేవతా వచ్చి సుత్తి పట్టలేదు!"

"నోర్ముయ్యవే! ఎంతసేపు మోగితే అంత దైవత్వం," అన్నాడు గురువు.

"అయితే అన్నిట్లోకీ పవిత్రమైనదేదో ఏరి, రాజుగారికి వినిపించండి స్వామీ."

గురువు గిన్నెలన్నీ తెప్పించి, తట్టి చూసి, మందపాటిదొకటి ఎంచాడు. కళ్లు మూసుకుని మోగించాడు. సభంతా మారుమోగింది. వాకిట్లోంచి ఒక కుక్క పరుగున వచ్చి గిన్నెలో మూతి పెట్టింది. ఏమీ లేకపోయేసరికి గురువు ముఖంలోకి చూసింది.

"అది మా కుక్క గిన్నె స్వామీ. తన్నినా బోర్లాపడదని మందపాటిది పెట్టాను. రోజూ అది మోగించే తిండికి పిలుస్తాను," అంది పెమా.

రాజు పగలబడి నవ్వి, గిన్నెలన్నీ పట్టుకుపొమ్మన్నాడు. పెమా నవ్వలేదు. గిన్నెల మూట నెత్తినెత్తుకుని గురువు వైపు తిరిగింది.

"కుక్కను పిలిచారుగా. తిండి పెట్టి ఇంటికి పంపండి."