నక్క గెలుచుకున్న కాలవ పొలం

అడవి అంచున ఓ చిన్న నారుమడి. పొద్దున్నే మంచులో తడిసి మెరిసే ఆ మడంటే ఎద్దుకీ నక్కకీ ప్రాణం. ఆ ఏడు ఇద్దరికీ మిగిలినవి కాసిన్ని వంగ గింజలే. చెరో సగంలో చల్లుకున్నారు. ఎవరి సగం కలుపు లేకుండా శుభ్రంగా ఉంటే వాళ్లకి నారు నాటుకోడానికి కాలవ పక్క పొలం, రెండోవాళ్లకి నీళ్లెక్కని మెరక అని మాట అనుకున్నారు.

చల్లిన రోజే నక్క తన సగమంతా కలుపు మందు కొట్టేసి, గట్టు మీద కాలు మీద కాలేసుకు పడుకుంది. ఎద్దు మాత్రం మొలిచిన గరికని మొలిచినట్టే పీకి నములుతోంది.

“ఏం మామా, పనా, మేతా?” అంది నక్క.

“రెండూ ఒకటేరా అల్లుడూ. నీకు ఆకలెయ్యదా?”

“నా సగంలో గడ్డిపోచ దొరికితే చూపించు, నేనూ తింటా!”

నిజమే, నక్క సగం అద్దంలా ఉంది. మొక్కలే, జ్వరమొచ్చి లేచిన పిల్లల్లా పాలిపోయి ఉన్నాయి.

“ఓసారి వేరు చూసుకో అల్లుడూ,” అంది ఎద్దు.

“ఓడిపోయావని కుళ్లా మామా?”

ఎద్దు సగంలో అక్కడక్కడా గరిక మిగలడంతో కాలవ పొలం నక్కదే అయింది.

తొలకరి పడింది. నాటుదామని నక్క నారు పీకితే, ప్రతి వేరూ బుడిపెలు బుడిపెలుగా ఉబ్బి ఉంది. మొక్కలు చేతిలోనే వాలిపోయాయి.

“ఎవర్రా నా మడిలో దూరింది?”

“మేమే దొరా,” అంటూ వేరులోంచి ఆవులించింది నులిపురుగు. కంటికి ఆననంత చిన్నది. “ఈ మట్టిలో పుట్టినోళ్లం, ఎక్కడికి పోతాం?”

“ఎద్దు సగంలోకి పోవచ్చుగా!”

“వెళ్లాం. ఒకరిద్దరం తప్ప దూరలేకపోయాం. ఆ వేళ్లు గట్టివి. నీ మొక్కలు పుట్టగానే మందు తాగి నీరసపడ్డాయి. మమ్మల్ని ఆపే ఓపిక వాటికేది?”

కాలవ నిండా నీళ్లు. పొలంలో పెట్టడానికి ఒక్క మొక్క లేదు. నక్క మెల్లగా ఎద్దు దగ్గరికి నడిచింది.

“మామా, కాస్త నారు ఇవ్వవూ?”

“ఇస్తా. నువ్వు మెరక మీద నాటుకో, నేను కాలవ పక్క నాటుకుంటా.”

“అదేంటి మామా, గెలిచింది నేను కదా!”

“అయితే ఆ గెలుపునే నాటుకోరా అల్లుడూ.”

నక్క నారుకట్ట ఎత్తుకుని మెరక దారి పట్టింది.

మడి పైన శుభ్రం చూసి మురిసిపోయేవాడు, కింద వేరుని కూడా ఓసారి పలకరించాలి.