దిగుడుబావిలో రక్షణ

మా పేటలో తీతు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట తీతే చెప్పాడు, భార్య మార్తమ్మ ఔనంది, బావమరిది ఓబేదు తలూపాడు. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? రోజూ గుడి ఊడ్చేది వాళ్ళే, గంట కొట్టేది వాళ్ళే. అందుచేత పరలోకంలో ముందువరస చాప తమదేనని వాళ్ళ ధీమా.

ఓ ఆదివారం రత్నపాల్ పాస్టరుగారు ప్రసంగంలో అన్నారు: “గుడి ఊడిస్తే రక్షణ రాదు. మనం బావిలో పడ్డవాళ్ళం. మన బలంతో పైకి రాలేం. దేవుడే కృపతో లాగాలి.”

మార్తమ్మ మొగుడి చొక్కా పట్టుకుని గుంజింది. “ఏవయ్యా, మనం ఎప్పుడైనా బావిలో పడ్డామా?”

“లేదే!”

“అయితే మనకి రక్షణ లేనట్టేగా!” అని గొల్లుమంది.

ఇంకేముంది! ఆరాధన అవగానే ముగ్గురూ పోయి దిగుడుబావిలో దూకేశారు. నడుంలోతు నీళ్ళు, పక్కనే మెట్లు. మధ్యాహ్నం దాటినా ఒక్కరూ మెట్టెక్కలేదు.

సంగతి తెలిసి పాస్టరుగారు పరిగెత్తుకొచ్చారు. “మెట్లెక్కి రండర్రా!”

“అమ్మో, సొంత ప్రయత్నం! మేం ఎక్కం,” అన్నాడు ఓబేదు వణుకుతూ.

“అది ఉపమానంరా నాయనా!”

“ఉపమానమైనా సరే, మీరే లాగండి.”

పాపం, ఆయన గుడి గంటతాడు విప్పుకొచ్చి ఒక్కొక్కర్నీ లాగారు. చొక్కా చిరిగింది, అరచేతులు బొబ్బలెక్కాయి. గట్టు మీద పడ్డ తీతు నిజంగానే ఏడ్చాడు. “నేనేం చెయ్యలేదయ్యగారూ! అయినా లాగారు!” ఆ ఒక్క సంగతీ వాడికి సరిగ్గానే అర్థమైంది. పాస్టరుగారి కళ్ళు కూడా చెమర్చాయి. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

మార్తమ్మ ఆయన వంక జాలిగా చూసింది. “మరి మీరెప్పుడు పడ్డారు అయ్యగారూ?”

“నేనెక్కడ పడ్డానమ్మా?”

అంతే! ఇంత మంచాయన నరకానికి పోవడమా? ప్రేమకొద్దీ ముగ్గురూ కలిసి ఒక్క తోపు తోశారు. ఆయన బుడుంగున మునిగి లేచి మెట్లవైపు రాబోతే, ఓబేదు వెళ్ళి అడ్డంగా కూర్చున్నాడు. “తప్పండీ, సొంత ప్రయత్నం!”

చేసేది లేక ఆయన, వాళ్ళు పైనుంచి విసిరిన తాడు నడుముకు కట్టుకున్నారు. ముగ్గురూ పైనుంచి లాగారు. సగం దూరం వచ్చారు. ముప్పాతిక వచ్చారు. తల గట్టు దాటింది. తీతు ఆనందం పట్టలేకపోయాడు.

“అయ్యగారికి రక్షణ వచ్చేసింది! అందరూ చేతులెత్తి స్తోత్రం చెప్పండి!”

ముగ్గురూ రెండేసి చేతులూ ఎత్తారు. “స్తోత్రం!”

బావిలోంచి కూడా ఓ కేక వినిపించింది గానీ, అది స్తోత్రం మాత్రం కాదు.